హబ్ గేర్ ఫ్రేముకు వేరే గేర్లు వేయాలంటే ముందు వెనక గాడి చూడాలి

అనంతపురంలో గేర్ సైకిలు ఇప్పుడు వింత కాదు. పొద్దున్నే బళ్లారి రోడ్డు మీదో తాడిపత్రి రోడ్డు మీదో నిలబడితే హెల్మెట్ పెట్టుకుని పోయేవాళ్లు కనిపిస్తారు. అయితే బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌గా కొన్నవాళ్ల ద్వారానో, విదేశాల్లో ఉండే బంధువుల సామాన్లతోనో అప్పుడప్పుడూ ఇంకో రకం సైకిలు ఊళ్లోకి వస్తోంది. వెనక చక్రం మధ్యలో బాగా లావుపాటి హబ్ ఉంటుంది. గేర్లన్నీ దాని లోపలే. ముందు ఒక చైన్‌వీలు, వెనక ఒక పళ్ల చక్రం, వాటి మధ్య బిగువుగా చైను. చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకో దాని మీదికి దూకించే డీరైలర్ కింద వేలాడుతూ కనిపించదు. దూర ప్రయాణాలకు, సామాను మోయడానికి చేసిన హబ్ గేర్ టూరింగ్ సైకిలు ఇది.

హబ్ బాగున్నన్నాళ్లూ దీనంత నిశ్చింతైన బండి ఇంకోటి లేదు. చిక్కంతా హబ్ పాడైనప్పుడో, ఫ్రేము ఒక్కటే చవగ్గా చేతికొచ్చినప్పుడో మొదలవుతుంది. రోలాఫ్ లాంటి జర్మన్ హబ్ ఒక్కదాని ఖరీదే మన దగ్గర లక్ష రూపాయలు దాటుతుంది. అందుకే "మామూలు గేర్లు వేయించేస్తే సరిపోతుంది కదా" అని ఎవరికైనా అనిపిస్తుంది. కొన్ని ఫ్రేములకు అది ఒక పూట పని. కొన్నింటికి ఎంత ఖర్చు పెట్టినా సరిగా కుదరని పని. ఏది ఏ రకమో తెలియకుండానే గేర్ సెట్టు మొత్తం ఆన్‌లైన్లో తెప్పించుకుని, తర్వాత షాపుకు పోతే ఫ్రేమును తలకిందులు చేసి చూసిన మేస్త్రీ "గేరు యాడ తగిలించాల సార్ దీనికి?" అంటాడు. సరైన ప్రశ్న అదే. డబ్బు తీయకముందే వేసుకోవాల్సిన ప్రశ్న కూడా అదే.

హబ్ గేరుకు ఫ్రేము ఇవ్వాల్సినవి

హబ్ గేరు మనకు పూర్తిగా కొత్త వస్తువేమీ కాదు. 1902లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో మొదలైన స్టర్మీ-ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల హబ్‌లు చేసింది. 1936లో వచ్చిన వాళ్ల ఏడబ్ల్యూ మోడల్ దశాబ్దాల పాటు ర్యాలీ సైకిళ్ల మీద ప్రపంచమంతా తిరిగింది. రోలాఫ్ వాళ్ల 14 గేర్ల స్పీడ్‌హబ్ 1998లో వచ్చింది. షిమానో వాళ్ల నెక్సస్, ఆల్ఫీన్ హబ్‌లు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. అన్నిటిలోనూ సూత్రం ఒకటే. ఇరుసును అంటిపెట్టుకుని మధ్యలో ఒక పళ్ల చక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటిని చుట్టి లోపలి వైపు పళ్లున్న రింగు. వీటిలో దేన్ని కట్టేసి దేన్ని తిరగనిస్తామన్న దాన్ని బట్టి గేరు మారుతుంది.

ఇలాంటి హబ్ పనిచేయాలంటే ఫ్రేము రెండు పనులు చేసిపెట్టాలి. మొదటిది చైను బిగువు. డీరైలర్ ఉన్న సైకిల్లో స్ప్రింగు చైను వదులును ఎప్పటికప్పుడు లాగి పట్టుకుంటుంది. హబ్ గేరుకు ఆ స్ప్రింగు లేదు. చైను అరిగే కొద్దీ సాగుతుంది, సాగిన కొద్దీ దాన్ని మళ్లీ బిగించడానికి ఫ్రేములోనే ఏదో ఒక ఏర్పాటు ఉండాలి. మన పాత నల్ల సైకిళ్లకు కూడా ఇదే అవసరం. నట్లు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, మళ్లీ బిగించడం ఇక్కడి ప్రతి సైకిలు మేస్త్రీకీ చేతి అలవాటు.

రెండోది ఇరుసు తిరగకుండా ఆపడం. దీని గురించి చాలామందికి తెలియదు. తక్కువ గేరులో హబ్ మన కాలి బలాన్ని పెంచి చక్రానికి ఇస్తుంది. రోలాఫ్ మొదటి గేరులో వెనక పళ్ల చక్రం ఒక చుట్టు తిరిగితే బండి చక్రం 0.279 చుట్టు మాత్రమే తిరుగుతుంది, అంటే మెలితిప్పే బలం మూడున్నర రెట్ల పైనే అవుతుంది. ఆ అదనపు బలానికి ఎదురు బలం ఎక్కడో ఒకచోట ఆనాలి. అది ఇరుసు మీద ఆనుతుంది, ఇరుసు వెనక్కి తిరగబోతుంది. బోరు మోటారు స్టార్ట్ చేయగానే లోపల మోటారు ఎదురు దిక్కుకు మెలితిరగబోయి పైపును కూడా తిప్పబోతుంది చూడండి, అచ్చం అదే. 11వ గేరు నేరు గేరు, అంటే పళ్ల చక్రం, బండి చక్రం సమానంగా తిరిగేది, కాబట్టి అందులో ఈ మెలిక ఉండదు. 12 నుంచి 14 దాకా అది దిక్కు మార్చుకుంటుంది.

నెక్సస్, స్టర్మీ-ఆర్చర్ హబ్‌లలో ఈ మెలికను చెవులున్న వాషర్లు ఆపుతాయి. వాషరు చెవి ఫ్రేము గాడిలో, అంటే వెనక చక్రం ఇరుసు కూర్చునే చోట, కూర్చుంటుంది, వాషరు లోపలి బెజ్జం ఇరుసుకున్న చదును అంచులను పట్టుకుంటుంది. షిమానో ఈ వాషర్లను గాడి వాలును బట్టి వేర్వేరు రంగుల్లో ఇస్తుంది. రంగు తప్పితే గేర్లు సరిగా పడవు. రోలాఫ్‌లో మెలిక ఎక్కువ కాబట్టి వాషరు చాలదు. చైను స్టే వెంట, అంటే పెడల్ ఇరుసు దగ్గర్నుంచి వెనక గాడి దాకా పోయే గొట్టం వెంట, పొడవాటి ఊతకడ్డీ పెట్టడమో, ఫ్రేము గాడినే అందుకు తగ్గట్టు చేయడమో ఉంటుంది. చాలా రోలాఫ్ ఫ్రేముల్లో ఎడమ వైపు గాడి కుడి దానికంటే కిందికి పొడుగ్గా ఉండేది ఇందుకే. దాన్ని చూసి ఫ్రేము వంకరగా తయారైందేమో అని కంగారు పడొద్దు.

డీరైలర్‌కు ఈ రెండు అవసరాలూ లేవు. దానికి కావాల్సింది వేరే ఉంది. కుడి వైపు గాడి కింద, వెనక్కి వాలి, పది మిల్లీమీటర్ల మర ఉన్న ఒక చెవి కావాలి. దాన్నే హ్యాంగర్ అంటారు. డీరైలర్ మొత్తం దాని మీదే వేలాడుతుంది. ఒక్క హబ్ గేరు కోసమే చేసిన ఫ్రేముల్లో చాలావాటికి ఈ చెవి ఉండదు.

గాడిని బట్టి తీర్పు

ఫ్రేమును తలకిందులు చేసి, వెనక చక్రం తీసేసి, గుడ్డతో మట్టి తుడిచి, కుడి వైపు గాడి ముందు కూర్చోండి. గాడి నోరు ఎటు తెరుచుకుందో చూడండి. కిందికా, ముందుకా, వెనక్కా? గాడి ఉన్న పలక ఫ్రేముతో ఒకే ముక్కగా ఉందా, బోల్టులతో బిగించిన వేరే ముక్కా? ఆ తర్వాత పెడల్ ఇరుసు ఉండే డబ్బా, అంటే బాటమ్ బ్రాకెట్ దగ్గరికి రండి. మామూలు కంటే లావుగా ఉండి, కింద బిగించే బోల్టులు గానీ చీలిక గానీ కనిపిస్తున్నాయా? ఈ సంగతులు తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

అన్నిటికంటే సులువు జరిగే పలకల ఫ్రేము. గాడి ఉన్న పలక బోల్టుల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది, చైను బిగువు అలా సరిచేసుకుంటారు. ఇలాంటి ఫ్రేములకు హ్యాంగర్ ఉన్న కుడి పలక విడిగా అమ్ముతారు. పాతది విప్పి కొత్తది బిగిస్తే చాలు. ఒక్క జాగ్రత్త ఉంది. ఆ పలక ఆ ఫ్రేము కంపెనీ చెప్పినదే కావాలి. బోల్టుల మధ్య దూరం ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా కూర్చోదు. ఫ్రేము కొనేటప్పుడే ఈ పలక దొరుకుతుందా లేదా అని కనుక్కోండి, కొన్నాక వెతకడం మొదలుపెట్టొద్దు.

తర్వాతది గాడి కిందికి తెరుచుకుని, చైను బిగువును స్ప్రింగు టెన్షనర్‌తో సరిపెట్టే ఫ్రేము. ఆ టెన్షనర్ వేలాడేది హ్యాంగర్ మరకే. అంటే ఫ్రేముకు హ్యాంగర్ ముందే ఉంది. టెన్షనర్ విప్పి డీరైలర్ తగిలించడమే. బయటికి హబ్ గేర్ సైకిల్లా కనిపిస్తుంది గానీ, నిజానికి ఇది డీరైలర్ ఫ్రేమే.

గాడి నోరు ముందుకు ఉన్న పాత కాలపు స్టీలు ఫ్రేములకు పంజా హ్యాంగర్ అనే పలక పనికొస్తుంది. ఇరుసు పక్కనే గాడిలో ఒక చిన్న నట్టుతో బిగుస్తుంది, ఇరుసు నట్టు దాన్ని అదిమి పట్టుకుంటుంది. చవకైన గేర్ సైకిళ్లలో ఇదే వాడతారు కాబట్టి మన ఊళ్లోనే దొరుకుతుంది. రోజువారీ తిరగడానికి చాలు. ఇరవై కిలోల సామాను వేసుకుని గువ్వలచెరువు ఘాట్ ఎక్కడానికి మాత్రం నేను దీన్ని నమ్మను. పలక కొంచెం వంగినా గేర్లు తప్పుతాయి, ఇంకొంచెం వంగితే డీరైలర్ పుల్లల్లోకి పోతుంది.

గాడి నోరు వెనక్కి ఉన్న ఫ్రేములతో తలనొప్పి. చక్రం వెనక్కి జరిగి బయటికి రావాలి, సరిగ్గా ఆ దారిలోనే డీరైలర్ అడ్డం ఉంటుంది. సర్లీ కంపెనీ ఓగర్ లాంటి కొన్ని ఫ్రేములు ఇలాంటి గాడితోనే హ్యాంగర్ కూడా కలిపి ఇచ్చాయి, కాబట్టి అసాధ్యం కాదు. కానీ పంక్చర్ పడ్డ ప్రతిసారీ చైనుతో కుస్తీ పట్టాలి. మన దారుల్లో అది చిన్న విషయం కాదు. రోడ్డు పక్కకు దిగితే పల్లేరు ముళ్లు, చేల గట్ల మీద కంప ముళ్లు. చక్రం ఎంత తొందరగా విప్పగలమన్నది అనంతపురం జిల్లాలో గేర్ల సంఖ్య కంటే ముఖ్యం.

చివరిది, అందంగా ఉండేది, మార్చడానికి అస్సలు ఒప్పుకోనిది ఎక్సెంట్రిక్ బాటమ్ బ్రాకెట్ ఉన్న ఫ్రేము. ఇంగ్లండులోని థార్న్ కంపెనీ రోలాఫ్ కోసం చేసిన రేవెన్, నోమాడ్ ఈ కోవవే. వెనక గాడి కిందికి ఉంటుంది, చక్రం కదలదు. బదులుగా పెడల్ ఇరుసు ఒక లావాటి దిమ్మెలో పక్కకు జరిగి కూర్చుంటుంది. దిమ్మెను తిప్పితే పెడల్ ఇరుసు ముందుకో వెనక్కో జరిగి చైను బిగుస్తుంది. ఇలాంటి ఫ్రేముకు హ్యాంగర్ లేకపోతే, గాడి కిందికి ఉండడం వల్ల పంజా పలక కూడా సరిగా నిలవదు. ఇక మిగిలింది హ్యాంగర్ అతికించడం.

అతికించే మాట వచ్చింది కాబట్టి స్పష్టంగా చెప్పాలి. ఫ్రేము క్రోమోలీ స్టీలు అయితే, పని తెలిసిన మనిషి ఇత్తడితోనో వెండి కలిసిన కడ్డీతోనో గ్యాస్ మంట మీద హ్యాంగర్ అతికించగలడు. ఆ చోట రంగు పోతుంది, మళ్లీ వేయించుకోవాలి, అంతే. అల్యూమినియం ఫ్రేముకు ఆ పని వద్దే వద్దు. 6061 రకం అల్యూమినియం ఫ్రేము తయారయ్యాక దానికి బలం వచ్చేది వేడి చికిత్స వల్ల. వెల్డింగ్ చేసిన చోట ఆ బలం పోతుంది. దాన్ని తిరిగి తేవాలంటే ఫ్రేము మొత్తాన్ని కొలిమిలో పెట్టి మళ్లీ అదే చికిత్స చేయాలి, అది ఇక్కడ జరిగే పని కాదు. గేట్లకు, గ్రిల్స్‌కు వెల్డింగ్ చేసే షాపులో "చేసిస్తాం సార్" అంటారు, అతుకు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. అది విరిగేది సామాను వేసుకుని ఘాట్ దిగుతున్నప్పుడు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు.

కొలతలు

గాడి సరే అనుకున్నాక వెడల్పు. ఫ్రేము వెనక రెండు పలకల లోపలి అంచుల మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. రోలాఫ్, ఆల్ఫీన్ ఫ్రేములైతే 135 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇది శుభవార్త, ఎందుకంటే మామూలు మౌంటెన్ బైక్ క్విక్ రిలీజ్ (స్పానర్ లేకుండా మీటతో విప్పే) హబ్ వెడల్పూ అదే. నెక్సస్ 8 గేర్ల హబ్ 132, రోడ్ బైక్ హబ్ 130. స్టీలు ఫ్రేములో 132కు, 135కు మధ్య తేడా పలకలను చేత్తో కాస్త ఎడంగా లాగితే సరిపోతుంది. అల్యూమినియం ఫ్రేమును ఒక్క మిల్లీమీటరు కూడా బలవంతంగా వంచొద్దు. హబ్ ఇరుకైతే ఖాళీ నింపే స్పేసర్లు వేసుకోండి. లేతు పట్టే వాళ్లు మన ఊళ్లోనే చక్కగా చేసిస్తారు.

వెడల్పుతో పాటు ఫ్రేము తిన్నగా ఉందో లేదో చూడాలి. సెకండ్ హ్యాండ్ ఫ్రేముకు ఇది తప్పనిసరి. ఇందుకు పురికొస చాలు. ఒక కొసను కుడి గాడి దగ్గర కట్టి, హ్యాండిల్ కింద ఉండే ముందు గొట్టాన్ని చుట్టి, ఎడమ గాడి దాకా బిగువుగా లాగి కట్టండి. సీటు గొట్టం దగ్గర రెండు వైపులా పురికొసకూ గొట్టానికీ మధ్య ఖాళీ కొలవండి. రెండూ సమానంగా ఉంటే ఫ్రేము నిటారుగా ఉన్నట్టు. హ్యాంగర్ వంకర చూడటానికి ఇంకో ఉపాయం ఉంది. క్విక్ రిలీజ్ ఉన్న మంచి వెనక హబ్ ఇరుసు మర, హ్యాంగర్ మర ఒకటే కొలత, పది మిల్లీమీటర్లు, ఒక మిల్లీమీటరు పిచ్ (మర గీతల ఎడం). కాబట్టి క్విక్ రిలీజ్ కడ్డీ తీసేసి, ఇంకో చక్రం ఇరుసును హ్యాంగర్‌లోకి తిప్పి బిగిస్తే, రెండు చక్రాలు పక్కపక్కన నిలబడతాయి. వాటి రిమ్ముల మధ్య దూరం పైనా, కిందా, ముందూ, వెనకా ఒకేలా ఉండాలి. మన నల్ల సైకిలు ఇరుసు దీనికి పనికిరాదు, దాని మర వేరు.

ఇక చైన్‌లైన్. సైకిలును పైనుంచి చూస్తే ఫ్రేము నడిమి గీత నుంచి చైనుకు ఎంత దూరమో అది. రోలాఫ్‌లో 16 పళ్ల చక్రానికి ఇది 54 మిల్లీమీటర్లు, అంటే చైను బాగా బయటికి ఉంటుంది. మూడు చైన్‌వీళ్ల మౌంటెన్ బైక్ సెట్టులో నడిమి చైన్‌వీలు 47.5 నుంచి 50 దగ్గర ఉంటుంది. అంటే పాత పెడల్ ఇరుసు ఉంచేసి కేవలం వెనక చక్రం మార్చితే చైను పక్కకు లాగుతుంది, అతి పెద్ద వెనక పళ్ల మీద కరకరలాడుతుంది. బాటమ్ బ్రాకెట్‌ను పొట్టి ఇరుసు ఉన్న దానితో మార్చుకోవాలి. మార్చే ముందు చైన్‌వీలుకు, చైను స్టేకు మధ్య ఖాళీ చూడండి. ఒకే చైన్‌వీలు కోసం చేసిన ఫ్రేములో చైను స్టే గొట్టం లావుగా, బయటికి ఉండొచ్చు. లోపలికి తెచ్చిన చైన్‌వీలు దాన్ని గీకితే పని చెడినట్టే. బ్రాకెట్ విప్పేటప్పుడు కుడి కప్పు మర తిరగేసి ఉంటుందని మరవొద్దు. అది గడియారం తిరిగే దిక్కుకు తిప్పితే వదులవుతుంది. ఎటు తిప్పాలో తెలియక బలం పెట్టి మర పోగొట్టుకునే చోటు ఇదే.

బ్రేకు సంగతి మాత్రం వేరే చెప్పాలి, ఎందుకంటే ఇందులో ప్రాణం ఉంది. కొన్ని హబ్ గేర్ సైకిళ్లలో వెనక బ్రేకు హబ్‌లోనే ఉంటుంది. నెక్సస్‌లో రోలర్ బ్రేకు, ఇంకొన్నింటిలో పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు. హబ్ తీసేస్తే బ్రేకూ పోతుంది. ఫ్రేము మీద వీ-బ్రేకు చేతులు తగిలించే బోసులు గానీ, డిస్కు బ్రేకు చెవి గానీ ఉన్నాయా అని ముందే చూసుకోవాలి. రెండూ లేని ఫ్రేముకు డీరైలర్ ఆలోచన అక్కడితో ఆపేయండి. రోలాఫ్ డిస్కు నాలుగు బోల్టులది, మామూలు ఆరు బోల్టుల హబ్‌కు అది పట్టదు. కొత్త డిస్కు కూడా లెక్కలో వేసుకోండి.

చక్రం మళ్లీ అల్లాలి. పాత రిమ్ము బాగుంటే, బెజ్జాల లెక్క కలిస్తే అదే వాడుకోవచ్చు, కానీ పుల్లలన్నీ కొత్తవే. హబ్ గేర్ హబ్ లావుగా ఉంటుంది కాబట్టి దాని పుల్లలు పొట్టివి. పైగా హబ్ గేర్ చక్రం రెండు పక్కలా సమానంగా బిగుస్తుంది, డీరైలర్ చక్రంలో కుడి వైపు పుల్లలు ఎక్కువ బిగువుతో నిలువుగా ఉంటాయి. అందువల్ల బరువు మోసే బండికి డీరైలర్ చక్రం కొంచెం బలహీనమే. 36 పుల్లల చక్రం వేయించుకోమనేది అందుకే.

గాలికీ ఎత్తుకూ తగిన గేర్లు

గేర్లను పోల్చేటప్పుడు పెడల్ ఒక చుట్టు తొక్కితే బండి ఎన్ని మీటర్లు పోతుందో చూడటం మంచి పద్ధతి. 700×35 టైరు చుట్టుకొలత సుమారు 2.17 మీటర్లు. ముందు 42, వెనక 16 పళ్లతో రోలాఫ్ 1.6 మీటర్ల నుంచి 8.4 మీటర్ల దాకా ఇస్తుంది. 44-32-22 చైన్‌వీళ్లు, 11 నుంచి 34 పళ్ల కాసెట్ (వెనక హబ్ మీదికి ఎక్కించే పళ్ల చక్రాల కట్ట) వేస్తే 1.4 నుంచి 8.7. ముందు ఒకే 40 పళ్ల చైన్‌వీలు, వెనక 11 నుంచి 46 వేస్తే 1.9 నుంచి 7.9. నెక్సస్ 8 గేర్ల హబ్ 38కి 19 పళ్లతో 2.3 నుంచి 7 దాకానే. మన షాపుల్లో సులువుగా దొరికే ఏడు గేర్ల 14-28 ఫ్రీవీలు, 42-34-24 చైన్‌వీళ్లతో 1.9 నుంచి 6.5.

మొదటి అంకె ఎత్తు ఎక్కడానికి. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే 1.6 మీటర్ల గేరులో గంటకు ఆరు కిలోమీటర్ల లోపు, దాదాపు నడక వేగంతో పోతాం. 2.3 గేరులో అదే తొక్కుడుకు ఎనిమిది దాటాలి. ఖాళీ బండితో పెనుకొండ దాకా పోయి రావడానికి ఆ తేడా తెలియదు. సామాను కట్టుకుని హార్స్‌లీ హిల్స్ ఎక్కేటప్పుడు మోకాళ్లకు తెలుస్తుంది.

రెండో విషయం మెట్లు, అంటే ఒక గేరుకు, ఇంకో గేరుకు మధ్య ఎడం. ఎత్తు గురించే అందరూ మాట్లాడతారు గానీ మన జిల్లాలో అసలు శత్రువు గాలి. పడమటి కనుమల అవతలే వాన కురిసిపోయి, జూన్ నుంచి ఆగస్టు దాకా మన వైపు వచ్చేది ఎక్కువగా గాలే. ఉరవకొండ చుట్టూ, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ ఎదురుగాలిలో గంటల తరబడి తొక్కేటప్పుడు ఒక గేరు బరువు, దాని కింది గేరు మరీ తేలిక అయితే కాళ్లు అలిసిపోతాయి. రోలాఫ్‌లో ప్రతి మెట్టూ 13.6 శాతం, అన్నీ సమానం. నెక్సస్ 8లో మెట్లు 14 నుంచి 22 శాతం దాకా మారుతాయి, నాలుగు నుంచి ఐదుకు, ఐదు నుంచి ఆరుకు పోయేటప్పుడు కుదుపు తెలుస్తుంది. ఎనిమిది గేర్ల 11-34 కాసెట్‌లో చివరి మెట్టు 26 పళ్ల నుంచి ఏకంగా 34కు దూకుతుంది, అది 31 శాతం. కానీ ఆ దూకుడు ఎత్తు ఎక్కే చివర్లోనే ఉంది, గాలిలో వాడే మధ్య గేర్లు దగ్గరదగ్గరగానే ఉంటాయి. అందుకే మూడు చైన్‌వీళ్ల పాత పద్ధతి మన దారులకు ఇప్పటికీ బాగా సరిపోతుందని నేను గట్టిగా చెబుతాను. ఒకే చైన్‌వీలు ఫ్యాషన్ ఇక్కడ పట్టించుకోనక్కర్లేదు. అయితే ముందు డీరైలర్ తగిలించడానికి సీటు గొట్టం మీద జాగా ఉందా, ఆ ఎత్తులో గొట్టం గుండ్రంగా ఉందా అని చూసుకోవాలి.

ఫ్రీవీలు, కాసెట్ ఈ రెండింటి తేడా కూడా టూరింగుకు ముఖ్యం. మర మీద బిగిసే ఏడు గేర్ల ఫ్రీవీలులో కుడి వైపు బేరింగ్ చక్రం లోపలికి ఉండిపోతుంది, బయట మిగిలిన ఇరుసు పొడవంతా ఆసరా లేకుండా బరువు మోస్తుంది. సామాను వేస్తే ఆ ఇరుసు వంగుతుంది, విరుగుతుంది. కాసెట్ హబ్‌లో బేరింగ్ బయటి అంచు దాకా వస్తుంది. ఫ్రీవీలు ఊళ్లో దొరుకుతుంది, కాసెట్ బెంగళూరు నుంచి తెప్పించాలి. అయినా కాసెట్టే తీసుకోండి. అది ఏడాదికోసారి కొనే వస్తువు కాదు.

గేర్లు మార్చే మీట, అంటే షిఫ్టర్ విషయంలో ఒక్క మాట. హబ్ గేరు షిఫ్టర్ డీరైలర్‌కు పనికిరాదు, లాగే తీగ పొడవు వేరు. కొత్తది కొనేటప్పుడు క్లిక్కుల్లేని ఫ్రిక్షన్ షిఫ్టర్ గురించి ఆలోచించండి. ఏడు గేర్ల కాసెట్‌కు పళ్ల చక్రాల ఎడం 5 మిల్లీమీటర్లు, ఎనిమిదికి 4.8, తొమ్మిదికి 4.35. క్లిక్కుల షిఫ్టర్ వీటిలో ఒక్కదానికే పనికొస్తుంది. ఫ్రిక్షన్ షిఫ్టర్ దేనికైనా పనిచేస్తుంది, గుంతకల్లులోనో తాడిపత్రిలోనో కాసెట్ పాడైతే దొరికిందే వేసుకుని ఇల్లు చేరొచ్చు. హబ్ గేర్ ఫ్రేము మీద డీరైలర్ తీగకు సరైన స్టాపులు ఉండవు కాబట్టి హ్యాండిల్ నుంచి డీరైలర్ దాకా తీగను పూర్తి గొట్టంలోనే పంపి, క్లిప్పులతో కట్టేయండి. దుమ్ములో అది ఎలాగూ మంచిదే.

మార్చాలా, హబ్‌నే ఉంచాలా?

నన్నడిగితే ఫ్రేము దేనికి చేశారో దానికి దగ్గరగా ఉండే దారి పట్టడం మేలు. జరిగే పలకల స్టీలు ఫ్రేము అయితే డీరైలర్‌కు నిస్సంకోచంగా మార్చుకోండి. హ్యాంగర్ ముందే ఉన్న ఫ్రేముదీ అదే మాట. వెనక్కి తెరుచుకున్న గాడి, లేదా ఎక్సెంట్రిక్ బ్రాకెట్ ఉన్న అల్యూమినియం ఫ్రేము అయితే డీరైలర్ మాట మరిచిపోయి ఇంకో హబ్ గేరే వేయించండి. నెక్సస్ 8 గేర్ల హబ్ రోలాఫ్ ఖరీదులో చిన్న వంతు. దాని గేర్ల పరిధి 307 శాతమే, రోలాఫ్‌ది 526. ఊరికీ, ఒక పూట ప్రయాణాలకూ అది చాలు. 132 వెడల్పు కాబట్టి స్పేసర్లు, గాడి వాలుకు తగిన రంగు వాషర్లు, ఇరుసు నట్లు 30 నుంచి 45 న్యూటన్ మీటర్ల బిగువు, ఈ మూడూ చూసుకుంటే పని అయిపోతుంది. ఇంకా తక్కువలో కావాలంటే గేర్లే లేకుండా వెనక ఒకే పళ్ల చక్రం. చైను బిగించే ఏర్పాటు ఫ్రేములో ఉంది కాబట్టి ఇక్కడి ఏ మేస్త్రీ అయినా గంటలో చేసిస్తాడు. పెడల్ దగ్గరే గేర్ బాక్సు ఉండే పినియన్ లాంటివి మాత్రం ఏ పాత ఫ్రేముకూ పట్టవు, దాని కోసమే చేసిన ఫ్రేము కావాలి.

మట్టి కూడా లెక్కలోకి వస్తుంది. మీరు ఎక్కువగా తిరిగేది ఎర్రనేలల మీద, తారు రోడ్ల మీద అయితే డీరైలర్‌ను వారానికోసారి తుడిస్తే చాలు. ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి దారుల్లో వానాకాలం తిరిగేవాళ్లకు మాత్రం ఆ బంకమట్టి డీరైలర్ చిన్న చక్రాల్లో ఇరుక్కుని తిరగనివ్వదు. అలాంటివాళ్లు ఎంత ఖర్చైనా హబ్ గేరును వదలొద్దనే నా సలహా.

అన్నిటికంటే ముందు, పాత హబ్ నిజంగా చెడిపోయిందా అన్నది తేల్చుకోండి. రోలాఫ్‌కు 5000 కిలోమీటర్లకు గానీ ఏడాదికోసారి గానీ నూనె మార్చాలి, లోపల పట్టేది కొంచెమే. ఏళ్ల తరబడి నూనె మార్చని హబ్ బరువుగా, గరగరమంటూ తిరుగుతుంది. కడిగే నూనె పోసి కాసేపు తొక్కి, తీసేసి, కొత్త నూనె పోస్తే మళ్లీ తేలికవుతుంది. పైన కాస్త నూనె చెమర్చినట్టు కనిపించడం జబ్బు కాదు. గేర్లు తప్పుతున్నాయంటే చాలాసార్లు తీగ సాగి ఉంటుంది, లేదా తీగ పెట్టె లోపల దుమ్ము చేరి ఉంటుంది. పెట్టెను పట్టి ఉంచే స్క్రూ ఒక్కటి విప్పి, పెట్టెను బయటికి తీసి, హబ్ మీది ఆరు పలకల మొనను ఎనిమిది మిల్లీమీటర్ల స్పానర్‌తో చేత్తోనే తిప్పి చూడండి. 14 గేర్లూ పడుతుంటే హబ్ బతికే ఉంది, మార్చాల్సింది రెండు తీగలే.